కొండవైపు నీడ

పెనితాల మాస్టారు ప్రయోగాలు చేయించే తీరు మా జిల్లా అంతటికీ తెలుసు. ముందు నల్లబల్ల నిండా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు: ఉద్దేశం, పరికరాలు, చేసే విధానం, ఫలితం. అవును, ఫలితం కూడా ముందే. పిల్లలు దాన్ని పొల్లుపోకుండా పుస్తకాల్లోకి దించుకుని, ఫలితం కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసేవాళ్ళు. ఆ తర్వాత టైము మిగిలితే బయటికెళ్ళి ప్రయోగం చేసేవాళ్ళు. ఎండ ఎక్కువగా ఉంటే అదీ లేదు. నలభై పుస్తకాలు ఒక్క చేత్తో రాసినట్టుండేవి. పక్క దీవిలోని మా రాజధాని అపియా నుంచి వచ్చిన తనిఖీ అధికారులు అవి తిరగేసి "భేష్" అనేవారు. మెచ్చుకున్నవాళ్ళకీ బుద్ధి లేదు, పొంగిపోయిన ఈయనకీ లేదు. ఇరవై నాలుగేళ్ళు ఇలాగే గడిచిపోయాయి.

మాది సవాయి దీవిలో దక్షిణపు ఒడ్డున ఉన్న వైసౌలి. మాకు ఉత్తరం దక్షిణం అనే మాటలతో పెద్దగా పనిలేదు. ఉత్తరాన కొండ, దక్షిణాన సముద్రం. పళ్ళెం కాస్త కొండవైపు జరుపు అంటాం, సముద్రం వైపున్న కాలు కడుక్కో అంటాం. అందుకే మిట్టమధ్యాహ్నపు నీడ ప్రయోగం మాస్టారికి మహా సులువు. న్యూజిలాండు నుంచి వచ్చిన పాఠ్యపుస్తకంలో 'నీడ ఎప్పుడూ దక్షిణం వైపే పడుతుంది' అని ఉంది. ఈయన బల్ల మీద 'సముద్రం వైపు' అని రాసేవాడు. పిల్లలు రెండు గీతలు గీసేవాళ్ళు.

నవంబరులో పదో తరగతి పుస్తకాలు దిద్దుతుంటే ఒక పుస్తకంలో గీతల్లేవు. దాని బదులు తారీఖులు, అంకెలు, మూడు పేజీల నిండా. ఫలితం దగ్గర 'ఇప్పుడు కొండవైపు' అని ఉంది.

"మొయెలాంగీ, ఇలా రా," అన్నాడు పెనితాల.

పద్నాలుగేళ్ళ పిల్ల వచ్చి బల్ల ముందు నిలబడింది. చేపలు పట్టే లాఫాయెలె కూతురు. మాట తక్కువ.

"నీడ కొండవైపు పడిందని రాశావేంటి?"

"పడింది మాస్టారూ."

"పుస్తకంలో ఏముంది?"

"సముద్రం వైపు అని ఉంది."

"బల్ల మీద నేనేం రాశాను?"

"సముద్రం వైపు అనే."

"మరి? పుస్తకం తప్పు, నేను తప్పు, నీ కర్రముక్క ఒక్కటే ఒప్పు. అంతేనా?"

మొయెలాంగి తల దించుకుంది. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పే అలవాటు మా పిల్లలకు లేదు. చెబితే ఇంట్లో వీపు విమానం మోత మోగుతుంది. వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు వినగానే పెనితాలకు హుషారొచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

"మీ నాన్నలాగే నీకూ ఎండదెబ్బ తగిలినట్టుందే! మీ ఇంట్లో సూర్యుడు వేరేవాడా? పోనీ ఇంటిల్లిపాదీ టోపీలు కొనుక్కోండి!"

తరగతి గొల్లుమంది. ముప్పై తొమ్మిది మంది నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది ఈయనే.

ఆ మాట ఎంత లోతుగా దిగిందో చెప్పాలంటే లాఫాయెలె సంగతి చెప్పాలి. అంతకుముందు డిసెంబరులో అతని పడవ ఇంజను చెడిపోయి తొమ్మిది రోజులు సముద్రంలో కొట్టుకుపోయాడు. పరాయి చేపల ఓడ ఒకటి కంటబడి ఎక్కించుకుంది కాబట్టి బతికాడు. తిరిగొచ్చాక ఊరి పెద్దలు ఆవా వేరు రసం తాగుతూ కూర్చున్నచోట ఒక వింత చెప్పాడు. "మధ్యాహ్నం తెడ్డు నిటారుగా నిలబెడితే నీడ కొండవైపు పడింది. రోజూ అలాగే పడింది" అని. నీళ్ళు లేక మతిపోయిందని పెద్దలు జాలిపడ్డారు. అక్కడే ఉన్న పెనితాల మాత్రం గొంతు సవరించుకుని, "అది జరగదు లాఫాయెలే, శాస్త్రం ఒప్పుకోదు" అన్నాడు. సైన్సు మాస్టారు చెప్పాక ఇంకేముంది! అప్పట్నుంచి ఊళ్ళో ఎవరైనా తలాతోకా లేకుండా మాట్లాడితే "లాఫాయెలె నీడ" అనడం మొదలైంది. తండ్రి మాట నిజమో కాదో తేల్చుకుందామనే ఆ పిల్ల అక్టోబరులో తమ పెరట్లో కర్ర పాతింది. రోజూ మధ్యాహ్నం నీడ కొస దగ్గర ఒక తెల్ల గవ్వ పెట్టింది.

ఆ గవ్వల లెక్కకు పెనితాల ఇరవైకి రెండు మార్కులు వేశాడు. ఆ రెండూ చేతిరాతకు. పక్కన ఎర్ర సిరాతో 'పుస్తకం చదువు' అని రాశాడు.

అపియాలో సైన్సు బాగా చెప్పే కాలేజీ ఒకటుంది. ఏటా మా బడి నుంచి ఒక్కరిని తీసుకుంటారు. వాళ్ళు గీసిన గీత దాటాలంటే పరీక్ష మార్కులతోపాటు ఈ ప్రయోగాల ఇరవై కూడా కావాలి. మొయెలాంగి ఏడు మార్కుల తేడాతో ఆ గీత కిందే ఉండిపోయింది. సీటు ఇంకో కుర్రాడికి వెళ్ళింది.

ఇక క్రిస్మస్ తర్వాతి ఆదివారం. ప్రార్థన అయ్యాక పెనితాల తెల్ల చొక్కా, నడుముకు చుట్టిన తెల్ల లావాలావాలో, బైబిలు చంకలో పెట్టుకుని గుడి ముందు నిలబడ్డాడు. పాస్టరుగారితో నాలుగు మాటలు, అందరితో పలకరింపులు అయ్యేసరికి మధ్యాహ్నమైపోయింది. మా గుడి గంట అంటే పాత గ్యాసు సిలిండరు. కొబ్బరిమాను స్తంభానికి వేలాడుతుంటుంది, ఇనప కడ్డీతో కొడతారు. పెనితాల చూపు ఎందుకో ఆ స్తంభం మొదట్లో పడింది. చేత్తో కొలిస్తే నీడ మూరన్నర పొడవుంది. అది కొండవైపుంది.

మొదట స్తంభం ఒరిగిపోయిందేమో అనుకున్నాడు. ఇంటికెళ్ళి గాలానికి కట్టే సీసపు గుండును దారానికి కట్టి తెచ్చి, వేలాడదీసి చూశాడు. స్తంభం నిక్షేపంలా నిటారుగా ఉంది.

"ఏమయ్యా, గంటకు పెళ్ళిచూపులా?" అని భార్య లూసియా దారిలోంచి కేకేసింది. "రాళ్ళపొయ్యి తీసి గంటైంది. దుంపలు చల్లారిపోతున్నాయి, రా!"

విస్తరి ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. కొబ్బరిపాలల్లో ఉడికిన చామాకు పొట్లం అంటే ప్రాణం ఆయనకు. దాన్ని వేలితో కెలుకుతూ కూర్చున్నాడు.

"లూసియా, లాఫాయెలె చెప్పింది నిజమే. నీడ కొండవైపే పడుతోంది."

"ఏ నీడ?"

అంతా చెప్పాడు. ఆ పుస్తకం చలిదేశం వాళ్ళ కోసం రాసింది, వాళ్ళ ఆకాశం వేరు, మన ఆకాశం వేరు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి, ఒక్క మధ్యాహ్నం తల వంచి చూసి ఉంటే తెలిసేది. ఎండగా ఉందని చూడలేదు. చూసిన పిల్లను నలుగురిలో నవ్వులపాలు చేశాడు.

లూసియా దుంపల పళ్ళెం పక్కకు జరిపింది. తర్వాత, "మరింకేం, వెళ్ళి చెప్పు" అంది.

"ఏమని చెప్పను? తప్పుచేసినవాళ్ళలా చాప కప్పుకుని వాళ్ళింటి ముందు కూర్చోనా? అలా ఇఫోంగా చేయాల్సింది మనిషిని చంపినవాళ్ళు. కర్ర నీడ కోసం చాప కప్పుకున్నవాడు ఈ దీవిలో ఎవడైనా ఉన్నాడా?"

"చాప సంగతి నేనెత్తలేదే! నోటితో చెప్పమన్నాను. ఆ మాత్రానికి నోరు పెగలదా?"

పెగలలేదు. అదే చెప్పుకోవాల్సిన సిగ్గు. తప్పు చేసినందుకు కాదు, తప్పు ఎవరైనా చేస్తారు. తెలిశాక ఈ పెద్దమనిషి ఏం చేశాడన్నదే కథ.

జనవరి చివర్లో, బడి తెరిచే ముందు, హెడ్మిస్ట్రెస్ సియెనిగారే కబురు చెప్పింది. సీటు వచ్చిన కుర్రాడు వాళ్ళన్నయ్యతో ఆక్లండ్ వెళ్ళిపోయాడట. అపియావాళ్ళు, గీత దాటిన పిల్లలు ఇంకెవరైనా ఉంటే చెప్పమన్నారట. అప్పుడు పెనితాల విషయం కొంత బయటపెట్టాడు.

"అయ్యో, ఇంకా చూస్తారేం మాస్టారూ! పొరపాటు నాది, మార్కులు ఇవి అని ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టండి. రేపు పొద్దున ఓడకు నేనే పట్టుకెళ్తాను."

"రాస్తానమ్మా. బాగా ఆలోచించి, పద్ధతిగా రాయాలి కదా."

ఆలోచించాడు. పద్ధతిగానే ఆలోచించాడు. ఒక వారం కాగితం బాగాలేదు. ఒక వారం జలుబు. ఒక వారం, ముందు పాస్టరుగారితో ఒక మాట అనుకుంటే మంచిదేమో అనిపించింది. ప్రతి రాతలోనూ 'పొరపాటు నాది' అనే చోటికి రాగానే 'ముద్రణాలోపం వలన' అని చేయి దానంతటదే రాసేది. చింపేసేవాడు. రోజూ తరగతిలో మొయెలాంగి రెండో వరసలో కూర్చుని ఆయన్ని వినయంగా చూసేది. ఈయన కిటికీలోంచి బయటికి చూస్తూ పాఠం చెప్పేవాడు.

ఫిబ్రవరి ఇరవై ఆరున సియెనిగారు తలుపు దగ్గరకొచ్చి, "మాస్టారూ, నేను మధ్యాహ్నం ఓడకు వెళ్తున్నాను. నెలాఖరుతో వాళ్ళు చేరికల పుస్తకం మూసేస్తారు. ఇస్తారా, లేదా?" అంది.

ఆ పూట గత్యంతరం లేక రాశాడు. నలుగురిలో అన్నమాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలని లూసియా పొద్దున గట్టిగా చెప్పి పంపింది కాబట్టి ఉత్తరం పట్టుకుని తరగతి ముందు నిలబడ్డాడు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పిల్లలూ, నవంబరులో నేనొక తప్పు చేశాను. మొయెలాంగి రాసింది నిజం. మొన్నీమధ్య గుడి గంట స్తంభం దగ్గర నా కళ్ళతో నేను చూశాను. మూరన్నర నీడ, కొండవైపు. పుస్తకం తప్పు, నేను తప్పు. వాళ్ళ నాన్న గురించి నేనన్న మాట మరీ తప్పు. అమ్మా మొయెలాంగీ, నన్ను క్షమించు."

మా ఊళ్ళో మాస్టారు పిల్లను క్షమించమని అడగడం ఎవరూ వినలేదు. అంతలో ఒక పుస్తకం తెరుచుకున్న చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. తర్వాత మిగతావన్నీ. 'సముద్రం వైపు' కొట్టేసి 'కొండవైపు' అని అందరూ గబగబా రాసుకుంటున్నారు.

"మాస్టారూ," అని ముందు బెంచీ పిల్లాడు చెయ్యెత్తాడు, "దీని కిందా రెండు గీతలేనా?"

పెనితాలకు తల కొట్టేసినట్టయింది. ఇరవై నాలుగేళ్ళుగా తాను నేర్పిందేమిటో ఆ ఒక్క ప్రశ్నలో కనబడింది. కిటికీ అవతల ఎండ ఉంది, జెండా కర్ర ఉంది. ఒక్కడు కూడా తల తిప్పి చూడలేదు.

మొయెలాంగి మాత్రం కలం పట్టుకోలేదు.

"నువ్వు రాయవేమ్మా? గెలిచింది నువ్వే కదా."

"చూడలేదు మాస్టారూ."

"నువ్వు చూసే కదా రాశావు!"

"అది నవంబరు. ఇది ఫిబ్రవరి." ఆ పిల్ల గొంతు బాగా తగ్గించి, "ఆ ఉత్తరంలో కూడా 'ఎప్పుడూ కొండవైపే' అని ఉంటే... ఒకసారి బయటికెళ్దామా మాస్టారూ?" అంది.

అందరూ ఎండలోకి వెళ్ళారు. జెండా కర్ర నీడ చుట్టూ నిలబడ్డారు. ఇంకా తగ్గుతోంది, కాసేపు ఆగాలంది మొయెలాంగి. ఆగారు. తగ్గి తగ్గి నీడ నిలిచింది. మూరెడైనా లేదు. సముద్రం వైపుంది.

పిల్లలు నీడను చూశారు, తర్వాత మాస్టారి మొహం చూశారు. ఏమని రాసుకోవాలో ఆ మొహం మీద ఉంటుందని వాళ్ళ నమ్మకం. "సూర్యుడు అక్టోబరు చివర్లో మన నెత్తిమీదుగా సముద్రం వైపుకి దాటిపోతాడు. ఈ నెల పదకొండున వెనక్కొచ్చాడు. ఆ రోజు మా కర్రకు నీడే లేదు" అని మొయెలాంగి మెల్లగా చెప్పింది. ఎవరికి చెబుతోందో తెలియకుండా నేలను చూస్తూ చెప్పింది. చెప్పి, ఒక్క క్షణం మాస్టారి వైపు చూసింది. ఏదో అడగబోయి మానేసింది.

పెనితాల జెండా గట్టు మీదే కూర్చుని ఉత్తరంలో ఆ వాక్యం కొట్టేశాడు. పిల్ల చెబుతుంటే రాశాడు. ఇరవైకి ఇరవై వేసి సంతకం పెట్టాడు. సియెనిగారి కారు అప్పటికే హారన్ కొడుతోంది.

తొమ్మిది రోజులకు అపియా నుంచి జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. మీ విద్యార్థిని పని చూసి సంతోషించాం. ఖాళీ అయిన సీటు ఫిబ్రవరి పన్నెండున వేరే బడికి ఇచ్చేశాం.

పెనితాల ఆ కాగితం జేబులో పెట్టుకుని లాఫాయెలె ఇంటికి నడిచాడు. మా ఇళ్ళకు గోడలుండవు. ఎవరొస్తున్నారో దారి మలుపు నుంచే కనబడుతుంది. ఆయన లోపలికెళ్ళలేదు. మెట్టు కింద గులకరాళ్ళ మీద, ఎండలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చాప కప్పుకోలేదు గానీ తల అలాగే వంగిపోయింది.

వల అల్లుతున్న లాఫాయెలె కంగారుగా లేచాడు. "అయ్యయ్యో, అక్కడ కూర్చున్నారేం మాస్టారూ! లోపలికి రండి. పిల్లా, మాస్టారికి చాప వెయ్యి, కొబ్బరి బోండాం కొట్టుకురా!"

"వద్దు లాఫాయెలే. సీటు పోయింది. ఆ మాట చెప్పి పోదామని వచ్చాను. నీ నీడ నిజమే. ఊరిపెద్దల ముందు కూడా చెబుతాను."

లాఫాయెలె వల కిందపెట్టాడు. కూతురి వైపు చూశాడు. మొయెలాంగి పెదవి కొరుక్కుంది. ఏడవలేదు.

"ఎప్పుడు పోయింది మాస్టారూ?"

"పన్నెండో తారీఖున. ఉత్తరం చేరేసరికే అయిపోయింది. నా దురదృష్టం..."

ఆ పిల్ల లోపలికెళ్ళి పుస్తకం తెచ్చి ఆయన ఎదురుగా, ఆ గులకరాళ్ళ మీదే కూర్చుంది.

"ఒకటి అడగనా మాస్టారూ? కోప్పడరుగా?"

"అడుగమ్మా."

"గంట స్తంభం ఎత్తు నేను కొలిచాను. తొమ్మిది మూరలు. దానికి మూరన్నర నీడ మొన్నీమధ్య పడదు. ఫిబ్రవరి మొదట్లో అరమూర కూడా ఉండదు. జనవరి చివర్లో కూడా అంత రాదు. లెక్కేస్తే అది క్రిస్మస్ రోజులకే వస్తోంది." ఆ గొంతులో నిష్ఠూరం లేదు, లెక్క అప్పజెబుతున్నట్టే ఉంది. "మీరు ఎప్పుడు చూశారు?"

పెనితాల నోరు తెరిచాడు. లాఫాయెలె ఆయన వైపే చూస్తున్నాడు. అపియా ఉత్తరం చదివినప్పుడు పడ్డ సిగ్గు దీని ముందు సిగ్గే కాదు. ఆ సీటు తీసేసింది పుస్తకం కాదు, న్యూజిలాండు కాదు. రెండు నెలలు తెలిసి నోరుమూసుకున్న తనే. 'మొన్నీమధ్య' అనే ఒక్క మాట కింద దాన్ని దాచుకుంటే, ఈ పిల్ల కొలబద్దతో వెలికి తీసింది. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సిగ్గులేని నాలుక.

"క్రిస్మస్ తర్వాతి ఆదివారం," అన్నాడు. "ప్రార్థన అయ్యాక. అప్పుడే తెలుసు నాకు. జనవరిలో సీటు ఖాళీ అయిందనీ తెలుసు. చెప్పడానికి మొహం చెల్లక ఊరుకున్నాను."

లాఫాయెలె వల మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు గానీ ముడి వేయలేదు. లోపలికి రమ్మని మళ్ళీ పిలవనూ లేదు.

మొయెలాంగి పుస్తకం తెరిచింది. అక్టోబరు నుంచి ఫిబ్రవరిదాకా రోజుకో అంకె. డిసెంబరు చివర మాత్రం ఎనిమిది గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

"అప్పుడు మా పెద్దమ్మ పోతే అపియా వెళ్ళాం. కొండవైపు నీడ అన్నిటికంటే పొడుగ్గా ఉండేది అప్పుడే. నాకు ఆ రోజులే లేవు," అంది. ఒక ఖాళీ గడి మీద కలం ఆనించింది. "సరిగ్గా మూరన్నరేనా మాస్టారూ? కొలిచారా, ఊరికే చూశారా?"

"చేత్తో కొలిచాను."

"నిటారుగానే ఉందా స్తంభం?"

"సీసపు గుండు కట్టి చూశాను. నిటారుగానే ఉంది."

ఆ పిల్ల ఆయన మొహంకేసి కాసేపు చూసింది, నమ్మాలా వద్దా అన్నట్టు. తర్వాత లేచి, "చెయ్యి చాపండి," అంది. కొలబద్ద తెచ్చి, ఆయన మూర ఎన్ని సెంటీమీటర్లో మోచేతి నుంచి వేలికొసదాకా కొలిచి, ఆ అంకె రాసుకుంది. గడిలో తారీఖు వేసి, పక్కన 'చూసినవారు: పెనితాల మాస్టారు' అని రాసింది.

గీత మాత్రం గీయలేదు.